కార్తీక భోజనాలకు కులం బ్యానర్లు వద్దు

సంపాదకులకు,

కార్తీకం రాగానే ఫలానా కుల సంఘం వనభోజనాలు, కులబాంధవులంతా తరలి రావాలి అన్న ప్రకటనలు జిల్లా పేజీల్లో వరుస కడతాయి. అదే నెల పౌర్ణమికి గురునానక్ జయంతి. ఆ రెండూ ఒకే పేజీలో పక్కపక్కన చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

సిక్కుల మొదటి గురువు నానక్ మొదలుపెట్టిన లంగర్‌ను, అంటే కులమతాలు చూడకుండా అందరికీ ఉచితంగా అన్నం పెట్టే వంటశాలను, రెండో గురువు అంగద్ భార్య మాతా ఖీవీ దగ్గరుండి నడిపారు. ఆమె పెట్టిన నేతి పాయసం సంగతి సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్‌లోనే ఉంది. మూడో గురువు అమర్ దాస్ పంజాబ్‌లోని గోయింద్వాల్‌లో గట్టి కట్టుబాటు పెట్టారు: ముందు పంగత్‌లో కూర్చుని తినాలి, ఆ తర్వాతే గురువు దర్శనం. అక్బర్ పాదుషా కూడా అలాగే నేల మీద కూర్చుని తిన్నాడని సిక్కులు చెప్పుకుంటారు. పంగత్ అంటే మన బంతే. ఎవరి బంతి వారికి వేరుగా వేసిన రోజులు మా అమ్మమ్మ కళ్లారా చూసింది. అలాంటి కట్టుబాట్లు రాజ్యమేలుతున్న 16వ శతాబ్దంలోనే ఆ గురువు అందరినీ ఒకే వరుసలో కూర్చోబెట్టారంటే అదెంత ధైర్యమో!

నిరుడు హైదరాబాద్‌లో ఒక గురుద్వారాకు వెళ్లాను. తలమీద కొంగు కప్పుకుని చాప మీద కూర్చున్నాను. అక్కడ రొట్టెను రెండు చేతులూ చాచి అందుకోవాలి. ఒక పక్క ఖాకీ చొక్కా ఆటో అతను, ఇంకో పక్క కాలేజీ అమ్మాయి. మన ఊళ్లలో పేరు చెప్పగానే "ఇంటిపేరేమిటమ్మా?" అంటారు కదా, ఆ ప్రశ్న అక్కడ ఎవరి నోటా రాలేదు.

ఇది మనకు తెలియనిదీ కాదు. పల్నాటి బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన నేల మనది. కార్తీక అమావాస్యకు మొదలయ్యే కారంపూడి వీరుల ఉత్సవాల్లో ఆ ఆచారం ఇప్పటికీ ఉంది.

సంఘాల ద్వారా పేద పిల్లలకు ఫీజులు కడుతున్నామని పెద్దలు అంటారు. కట్టండి, అది మంచి పనే. ఉసిరి చెట్టు కింద విస్తరికి మాత్రం కులం ఎందుకు? మున్సిపల్ పార్కుల్లో కులం పేరుతో బ్యానర్లు కట్టనివ్వవద్దని అధికారులను కోరుతున్నాను. కనీసం పౌర్ణమి రోజైనా ఆ ప్రకటనలు ఆపి, అందరినీ పిలిచే భోజనాల కబురు వేయమని మిమ్మల్ని వేడుకుంటున్నాను. మా వీధిలో ఈ ఏడు చెత్తబండి వాళ్లతో సహా అందరికీ ఒకే బంతి వేస్తున్నాం.

— ఒక పాఠకురాలు, గుంటూరు