రామచిలుకకు కాకి కాళ్లా?

సంపాదకులకు నమస్కారం.

మా మండలంలోని ఒక పాఠశాల ప్రహరీ మీద రాష్ట్ర చిహ్నాల బొమ్మలు కొత్తగా వేశారు. వేపచెట్టు, కృష్ణజింక, మల్లెపువ్వు చక్కగా కుదిరాయి. 2018లో మన రాష్ట్ర పక్షి అయిన రామచిలుక కూడా ఎర్రటి ముక్కుతో, మెడలో పట్టీతో ముచ్చటగా ఉంది. పొరపాటు కాళ్ల దగ్గర జరిగింది. కొమ్మ మీద ఒక్కో కాలికి మూడేసి వేళ్లు ముందుకు వేశారు. అవి కాకి కాళ్లు.

ముప్పై ఏళ్లకు పైగా డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసినవాణ్ణి, చూసి ఊరుకోలేకపోయాను. లోపలికి వెళ్లి చెబితే "వేళ్లు ఎవరు లెక్కపెడతారండీ" అన్నారు. పిల్లలు లెక్కపెడతారు. గోడ మీద చూసిందే రేపు నోటుపుస్తకంలో గీస్తారు.

చిలుక కాలికి నాలుగు వేళ్లు. నడిమి రెండూ ముందుకు, అటొకటి ఇటొకటి ఉన్నవి వెనక్కి. కొమ్మ మీద వాలినప్పుడు ఎదురుగా చూస్తే ఒక్కో కాలికి రెండు వేళ్లే కనబడతాయి. కాకికి, పిచ్చుకకు మూడు.

మా పెరటి జామచెట్టు మీద చిలుక పండు ముక్కను ఒంటికాలితో ముక్కుదాకా ఎత్తి, తిప్పుకుంటూ కొరుకుతుంది. ముందువి రెండు, వెనకవి రెండు పట్టకారులా బిగుసుకుంటాయి. అదే చెట్టు మీద కాకి రొట్టెముక్కను కాలికింద అదిమిపెట్టి, తల వంచి పొడుచుకు తింటుంది. చిలుక అందమంతా ఆ పట్టులోనే ఉందని నాకనిపిస్తుంది.

వడ్రంగిపిట్టకూ, కోయిలకూ చిలుకలాగే రెండూ రెండూ. జెముడుకాకి పేరుకే కాకి. కాలు చూస్తే కోయిల కుటుంబమని తెలుస్తుంది. గుడ్లగూబ బయటి వేలిని అవసరాన్నిబట్టి వెనక్కి తిప్పుకుంటుంది. మన రోళ్లపాడు అభయారణ్యం 1988లో ఏ పక్షి కోసం ఏర్పడిందో, ఆ బట్టమేకపిట్టకు వెనకవేలే లేదు. కొమ్మను పట్టుకోలేదు కనుక నేల మీదే తిరుగుతుంది.

బడులకు నమూనా చిత్రాలిచ్చే అధికారులు వేళ్లు కూడా సరిచూసి ఇవ్వాలని కోరుతున్నాను. మా ఊరి గోడ మీద కాలికొక్క వేలు వెనక్కి తిప్పితే చాలు, గంట పని. నిచ్చెన, రంగులు నేనే తెచ్చుకుంటాను. అనుమతి ఇప్పించండి.

– ఒక విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడు, నంద్యాల జిల్లా