బాహుబలి జోన్ కడితే యురేకా పక్కనే కట్టాలి

సంపాదకులకు నమస్కారం.

బాహుబలి మొదటి భాగం వచ్చి 2025 జులైకి పదేళ్లు నిండాయి. అదే ఏడాది అక్టోబరు 31న రెండు భాగాలనూ ఒకే సినిమాగా కుదించి మళ్లీ విడుదల చేశారు. ఆ కథ మీద జనానికి మోజు ఇంకా తీరలేదు. రామోజీ ఫిల్మ్ సిటీలో మాహిష్మతి సెట్ చూసిన పిల్లలకు వెంటనే వచ్చే సందేహం, ఇక్కడ ఎక్కడానికి ఏమీ లేదా అని. రైడ్లు, భోజనశాల, దుకాణాలు ఉన్న పూర్తిస్థాయి బాహుబలి జోన్ అక్కడ రావాలని కోరుకునేవాళ్లలో మేమూ ఉన్నాం. అది ఎక్కడ రావాలన్న దాని గురించే ఈ ఉత్తరం.

సెట్ ఉన్నచోటే కట్టేస్తే సరిపోతుంది కదా అని చాలామంది అంటారు. ఆ పని చేయకూడదు. సినిమా సెట్ కెమెరా కోసం కట్టేది. ప్లైవుడ్, ప్లాస్టర్ ఆఫ్ పారిస్, ఫైబర్‌తో కెమెరాకు కనిపించే వైపు మాత్రమే గోడ లేపి, వెనక పరంజా వదిలేస్తారు. ఏటా లక్షల కాళ్లు తొక్కే చోటుకు ఇనుప చట్రం, దానిమీద జాలీ, జాలీ మీద పిచికారీ చేసి చెక్కిన సిమెంటు కావాలి. వంటగదికి మురుగు పైపులు, పొగగొట్టాలు కావాలి. మంటలొస్తే బయటపడే దారులు, చక్రాల కుర్చీకి 12 అడుగుల పొడవుకు ఒక అడుగు మించి ఎత్తు పెరగని ర్యాంపు కావాలి. ఇవన్నీ పెట్టాలంటే సెట్‌ను కూల్చక తప్పదు. కళా దర్శకుడు సాబు సిరిల్ రూపకల్పనలో తయారై, షూటింగ్ జరిగిన అసలు చోటును పోగొట్టుకుని దాని నకలును కట్టుకోవడం తెలివైన పని కాదు. సెట్‌ను సెట్‌గానే ఉంచాలి.

దీనికన్నా పెద్ద కారణం బస్సు. ఫిల్మ్ సిటీ విస్తీర్ణం 1,666 ఎకరాలు. సందర్శకులు ముందు యురేకా అనే ప్రవేశ ప్రాంగణం దగ్గర దిగి, అక్కడ బస్సెక్కి సెట్లు చూసివస్తారు. సెట్లు చూడటానికి ఈ పద్ధతి బాగానే ఉంటుంది, ఎందుకంటే ఏ బస్సు జనం ఆ బస్సులోనే తిరుగుతారు. రైడ్లున్న జోన్‌లో అలా కుదరదు. లోపల ఒకేసారి 2,000 మంది ఉంటారనీ, గంటకు 1,200 మంది కొత్తగా వస్తారనీ అనుకుందాం. 50 సీట్ల బస్సులైతే గంటకు 24, అంటే రెండున్నర నిమిషాలకు ఒకటి. ముసలివాళ్లు, చంటిపిల్లలతో 50 మంది ఎక్కడానికి నాలుగు నిమిషాలు, దిగడానికి మూడు. ప్రయాణం ఒకవైపు 10 నిమిషాలనుకుంటే, రెండు చివరలా ఎక్కించి దింపి ఒక్కో బస్సు చుట్టి రావడానికి 34 నిమిషాలు పడుతుంది. ఈ ఒక్క జోన్‌కే 14 బస్సులు తిరగాలి, చెడిపోతే మార్చడానికి మరో రెండు ఉండాలి. అసలు చిక్కు మూసేవేళ. 2,000 మంది ఒకేసారి బయల్దేరితే 40 బస్సులు కావాలి, రెండున్నర నిమిషాలకు ఒకటి చొప్పున చివరి మనిషి ఎక్కేసరికి 100 నిమిషాలు. అదే నడిచే దారైతే మీటరు వెడల్పుకు నిమిషానికి 30 మంది ఇబ్బంది లేకుండా పోతారు. ఏడు మీటర్ల దారిలో ఆ 2,000 మందీ 10 నిమిషాల్లో బయటపడతారు.

అందుకే జోన్ యురేకా నుంచి 400 మీటర్ల లోపల ఉండాలి. ఒక దారి చాలదు, కనీసం రెండు ఉండాలి. ఒకే దారి ఉంటే వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ గుమ్మం దగ్గర ఎదురెదురై ఆగిపోతారు. డిస్నీలాండ్‌లో 2019లో తెరిచిన 14 ఎకరాల స్టార్ వార్స్ జోన్‌కు మూడు దారులున్నాయి. ఫ్లోరిడాలోని యూనివర్సల్ పార్కులో 2010 జూన్‌లో హ్యారీ పోటర్ జోన్ తెరిచినప్పుడు దుకాణాలు సినిమాలో లాగే ఇరుకుగా ఉండాలని చిన్నవిగా కట్టారు. మంత్రదండాల కొట్టు ముందు జనం గంటల తరబడి ఎండలో నిలబడ్డారు. 2014లో పక్క పార్కులో రెండో జోన్ కట్టినప్పుడు అదే కొట్టును పెద్దదిగా, ఎక్కువ గదులతో కట్టారు. ఆ రెండు జోన్లనూ రైలుతో కలిపారు, ఆ రైలే ఒక రైడ్ అయింది. మనకు పనికొచ్చే పాఠం ఇదే. కొత్త జోన్ యురేకా దగ్గర, పాత సెట్ దాని చోట, రెంటి మధ్య కథ చెబుతూ సాగే బస్సు. రైడ్లు ఎక్కేసినవాళ్లు తీరిగ్గా సెట్ చూసొస్తారు, తొందర ఉండదు కనుక బస్సుల మీద ఒత్తిడీ ఉండదు.

యురేకా చుట్టూ ఇప్పుడున్నదాన్ని తీసేయాలా అన్న ప్రశ్న వస్తుంది. ముందు చూడాల్సింది పార్కింగ్, గోదాములు, బస్సులు తిరిగే జాగాలు. కాలిఫోర్నియాలోని డిస్నీ పార్కులో ‘కార్స్’ సినిమా పేరిట కట్టిన 12 ఎకరాల కార్స్ ల్యాండ్ 2012లో వచ్చింది పార్కింగ్ స్థలంలోనే. ఏదైనా ప్రదర్శన అడ్డొస్తే దానికి కొత్త చోటు సిద్ధం చేశాకే పాతది మూయాలి. ఫ్లోరిడాలోని డిస్నీ యానిమల్ కింగ్‌డమ్ పార్కులో అవతార్ జోన్ కోసం ఎంచుకున్న చోట లయన్ కింగ్ ప్రదర్శన నడిచేది. 2014లోనే దాన్ని ఆఫ్రికా విభాగానికి మార్చారు, అవతార్ జోన్ 2017లో తెరిచారు.

ఎండ సంగతి విదేశీ నక్షాల్లో దొరకదు. హైదరాబాద్‌లో మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు ఎంత ఎత్తు గోడైనా నీడ ఇవ్వదు, పైన కప్పు ఉండాల్సిందే. వేసవి సెలవులు కూడా అప్పుడే. మధ్యాహ్నం తర్వాత మాత్రం గోడ అక్కరకొస్తుంది. సాయంత్రం నాలుగింటికి 12 మీటర్ల గోడ నీడ దాదాపు 16 మీటర్ల దూరం తూర్పుకు పడుతుంది. కాబట్టి పెద్ద రైడ్ భవనం, రాజప్రాసాదం పడమటి అంచున ఉండాలి, క్యూ, కూర్చునే చోటు దానికి తూర్పున ఉండాలి. దీన్ని తిరగేసి కట్టాక ఎన్ని గొడుగులు వేసినా లాభం లేదు.

క్యూకు ఎంత జాగా కావాలో కూడా స్థలం ఎంచుకునేటప్పుడే లెక్కేయాలి. రెండో భాగంలోని హంస నావను రైడ్‌గా చేశారనుకుందాం. 20 మంది పట్టే నావను 50 సెకన్లకు ఒకటి వదిలితే గంటకు 72 నావలు, 1,440 మంది. సీట్లన్నీ నిండవు కాబట్టి నిజానికి ఎక్కేది 1,200 మంది. గంట క్యూ అంటే 1,200 మంది నిలబడాలి, మనిషికి 0.6 చదరపు మీటరు చొప్పున 720 చదరపు మీటర్లు, మన లెక్కలో సుమారు 860 గజాలు. అదీ కప్పు కింద. ఈ జాగా ముందే తీసిపెట్టకపోతే క్యూ నడక దారిలోకి వస్తుంది, ఆ ఏడు మీటర్ల దారి మూడు మీటర్లయిపోతుంది.

ఫిల్మ్ సిటీ ఇంకా షూటింగులు జరిగే స్టూడియో. ఇనుప పట్టాల మీద పరుగెత్తే కోస్టర్ మోత, దాని మీది వాళ్ల కేకలు అక్కడికక్కడే సంభాషణలు రికార్డు చేసే యూనిట్లకు పనికిరావు. అలాంటి రైడ్ భవనం లోపల ఉండాలి, లేదా షూటింగ్ వీధులకూ దానికీ మధ్య గుట్ట ఉండాలి. ఆ నేలంతా గ్రానైట్. రైడ్ గోతుల కోసం పేల్చడం ఖర్చు, పైగా షూటింగులకు ఆటంకం. వాలును అలాగే వాడుకుని నావ పడే చోటును దిగువన పెట్టుకుంటే తవ్వకం తగ్గుతుంది, అసలు బండలే అలంకారమవుతాయి. జలపాతం పెడితే తిరిగి తోడే నీళ్లే వాడాలి. వేసవిలో రోజుకు ఎనిమిది మిల్లీమీటర్ల దాకా ఆవిరవుతుంది, వెయ్యి చదరపు మీటర్ల కొలనుకు రోజుకు 8,000 లీటర్లు నింపుకోవాలి.

స్థలం ఖాయం చేసేముందు చేయాల్సిన పని ఒకటుంది, ఖర్చు కూడా పెద్దగా కాదు. కట్టబోయే ఎత్తైన బురుజుకు సమానమైన ఎత్తులో తాడు కట్టిన హీలియం బెలూన్‌ను ఆ చోట ఎగరేయాలి. యురేకా నుంచి, లండన్ వీధి సెట్ నుంచి, షూటింగులు జరిగే మిగతా వీధుల నుంచి అది కనిపిస్తుందేమో ఫొటోలు తీయాలి. యురేకా నుంచి బురుజు కొస కనిపిస్తే మంచిదే, జనం అటు నడుస్తారు. లండన్ వీధిలోంచి కనిపిస్తే మాత్రం ఆ చోటు వదిలేసి, బెలూన్‌ను మరో వంద మీటర్లు జరిపి మళ్లీ చూడాలి.

— థీమ్ పార్కుల నిర్మాణం తెలిసిన పాఠకులు, హయత్‌నగర్