రసీదు పుస్తకం కంటే ముందు ఒప్పంద పత్రం

సంపాదకులకు,

మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ చుట్టుపక్కల దుకాణదారులంతా నెలకింత వేసుకొని బజారును బాగుచేసుకోవాలన్న మాట వ్యాపారుల నోట తరచూ వస్తుంటుంది. ఆలోచన మంచిదే. కానీ ముందు రసీదు పుస్తకాలు కొట్టించి, ఆనక పని వెతుక్కునే సంఘాలు ఎక్కువ కాలం నిలవవు. ఇచ్చేవాళ్లు ఇస్తారు, ఇవ్వనివాళ్ల ముందు కూడా రోడ్డు ఊడుస్తారు. మరుసటి నెల ఇచ్చినవాళ్లు కూడా చేయి ముడుస్తారు.

ఈ చిక్కుకు 1970లో కెనడాలోని టొరంటో నగరంలో ఒక దారి కనిపెట్టారు. బ్లూర్ వెస్ట్ విలేజ్ అనే బజారుకు గీత గీసి, ఆ గీత లోపలున్న వ్యాపారులందరూ కట్టాల్సిందేనని చట్టం చేశారు. డబ్బు నగరపాలక సంస్థ పన్నుతోపాటు వసూలు చేస్తుంది, ఖర్చు వ్యాపారుల కమిటీ చేస్తుంది. ఇంగ్లండ్‌లోనైతే ముందు ఓటు పెట్టాలి. ఓటేసినవాళ్లలో తలల లెక్కన మెజారిటీ రావాలి, వాళ్ల దుకాణాల పన్ను విలువ లెక్కన కూడా రావాలి. పెద్ద షోరూములు చిన్న కొట్లను, చిన్న కొట్లు పెద్దవాళ్లను తొక్కేయకుండా ఈ రెండు కొలతలు. అయిదేళ్లు దాటితే మళ్లీ ఓటే.

మన 2019 పురపాలక చట్టంలో ఇలాంటి బజారు మండలికి ప్రత్యేక ఏర్పాటు లేదు. కనుక ప్రస్తుతానికి చేతిలో ఉన్నది సొసైటీ. ఏడుగురు ఉంటే 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టర్ అవుతుంది. అయితే దానికి బలవంతంగా వసూలు చేసే అధికారం ఉండదు. అందుకే కాగితాల మీద గట్టిగా ఉండాలి.

మొదటి కాగితం హద్దుల పటం. ఎంత చిన్నదైతే అంత మేలు. పాలమూరంతా ఒకేసారి పెట్టుకుంటే ఎవరికీ తేడా కనిపించదు. క్లాక్ టవర్ దగ్గర ఒకదానికొకటి ఆనుకున్న రెండు, మూడు వీధులు చాలు.

రెండోదే అసలైనది, నగరపాలక సంస్థతో ఒప్పందం. ఆ వీధుల్లో ఇవాళ ఎందరు కార్మికులు ఊడుస్తున్నారు, ఏ వేళకు, మురికి కాలువ పూడిక ఏడాదికి ఎన్నిసార్లు తీస్తున్నారు, స్తంభాలెన్ని, వెలిగే దీపాలెన్ని అన్నది లెక్కపెట్టి, అది తగ్గించబోమని కమిషనర్ సంతకం తీసుకోవాలి. ఇది లేకుంటే ఏమవుతుందంటే, సంఘం నలుగురు మనుషులను పెట్టుకోగానే శానిటరీ జవాన్ తన మనుషులను మరో వార్డుకు పంపేస్తాడు. ఆయన తప్పు కూడా కాదు, ఆయనకు ఎప్పుడూ మనుషుల కొరతే. ఆస్తి పన్ను, ట్రేడ్ లైసెన్సు ఫీజు కట్టి, అదే పనికి చందా కూడా కట్టినట్టవుతుంది.

చందా అందరికీ సమానంగా పెడితే పాన్ డబ్బా వాడు, బంగారం కొట్టు వాడు తగవు పడతారు. అమ్మకాల మీద పెడితే నిజం చెప్పే మొనగాడు దొరకడు. టేపు పట్టి ముందు భాగం వెడల్పు కొలవడం ఉత్తమం. ఉదాహరణకు 200 దుకాణాలు, సగటున 12 అడుగులు, అడుగుకు నెలకు 40 రూపాయలంటే 96 వేలు. వంద శాతం వసూలవుతుందని బడ్జెట్ వేయకండి. 85 శాతం అనుకుంటే 81,600. నలుగురికి తలా 14 వేల చొప్పున జీతాలు 56 వేలు పోగా మిగిలేది 25,600. చీపుర్లు, బండి, పూడిక ట్రాక్టరు, లెక్కలు రాసే మనిషి అన్నీ అందులోనే. కెమెరాలు, స్వాగత తోరణాల సరదా మొదటి ఏడాది వద్దు. పై అంతస్తుల్లోని కోచింగ్ సెంటర్లను, క్లినిక్కులను మరవకూడదు. బళ్లు ఎక్కువగా వచ్చేది వాళ్ల కోసమే.

అద్దె సంగతి ముందే తేల్చుకోవాలి. దుకాణదారు చేతిలో సాధారణంగా ఉండేది 11 నెలల అగ్రిమెంటు. బజారు బాగుపడితే అద్దె పెరిగేది యజమానికి. కనుక చందాలో మూడో వంతు యజమాని, మిగతాది అద్దెదారు కట్టాలని అగ్రిమెంటులోనే రాయించుకోవాలి.

ఇక పనులు. చెత్త ఆటో తెల్లవారి వస్తుంది, దుకాణాలు తెరిచేది పదింటికి. అట్టపెట్టెలు, పాలిథిన్ కవర్లు బయటపడేది రాత్రి షట్టర్ దించేటప్పుడు. రాత్రంతా పశువులు వాటిని చెల్లాచెదురు చేస్తాయి, వాన పడితే కాలువలోకి పోతాయి. రాత్రి తొమ్మిదికి ఒక ఆటో తిరిగితే సగం సమస్య తీరుతుంది. కాలువ మీద దుకాణదారులు పోసుకున్న సిమెంటు ర్యాంపులు రెండో సగం. కింద పూడిక తీయడానికి పార పట్టదు. పదడుగులకొక చోట కొక్కేలున్న రెండడుగుల బిళ్ల, చేత్తో లేపగలిగేది, వేస్తే చాలు.

పార్కింగ్ లేదంటారు గానీ, 12 అడుగుల ముందు భాగంలో నాలుగు బైకులు పడతాయి. అందులో మూడు దుకాణదారువి, పనివాళ్లవి, పొద్దున పెట్టినవి రాత్రిదాకా కదలవు. కొనడానికొచ్చినవాడికి మిగిలేది ఒక్కటి. పనివాళ్ల బళ్లకు దగ్గర్లో ఒక ఖాళీ ప్లాటు అద్దెకు తీసుకోవడం సంఘం చేయగల చవకైన మేలు.

తోపుడు బండ్లవాళ్లను తరిమేయడానికే సంఘం పెడతామంటే అది కుదరదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఖాళీ చేయించాలన్నా, వేరే చోటికి మార్చాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వాళ్ల ప్రతినిధులే ఉండాలి. సంఘం కమిటీలోనూ వాళ్లకు చోటిచ్చి, బండి నిలిపే చోటుకు గీతలు గీసి, చిన్న మొత్తం చందా తీసుకోవడం న్యాయం, లాభం కూడా. పండ్ల కోసం ఆగినవాళ్లే పక్క కొట్లోకి అడుగుపెడతారు.

వసూలు, ఖర్చు వివరాలు ప్రతి నెలా మొదటి వారం వీధి మొగదలలో బోర్డు మీద అంటించాలి. కట్టనివాళ్ల పేర్లు మాత్రం రాయకండి, పంతాలు పెరుగుతాయి.

రాత్రి ఆటో, సేవల తగ్గింపు ఉండదన్న సంతకం, ఈ రెండూ కమిషనర్ స్థాయిలోనే అయ్యే పనులు. చట్ట సవరణ కోసం ఎదురుచూడకుండా వీటిని వెంటనే చేయాలని కోరుతున్నాం.

- విశ్రాంత పురపాలక ఉద్యోగులు, మహబూబ్‌నగర్