రెట్టను ఆరనిచ్చి పొడి గుడ్డతో తుడవమంటున్న మీ సీసా మీది సూచనపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: మీ పెయింట్ ప్రొటెక్షన్ స్ప్రే సీసా మీద, లోపలి కరపత్రంలో ఉన్న తప్పు సూచనలను సరిదిద్దడం, వాటిని పాటించి నష్టపోయినవారికి పరిహారం ఇవ్వడం గురించి.

ఆర్యా,

మేం కార్ల రంగుకు పాలిషింగ్, కోటింగ్ పనులు చేసేవాళ్ళం. మీ స్ప్రే వాడిన కార్ల బానెట్ల మీద, రూఫ్‌ల మీద మచ్చలు చూసి ఈ లేఖ రాస్తున్నాం. ఆ మచ్చల్లో పక్షి చేసిన పాడు కొంతే. మిగతాదంతా మీ సీసా మీది రాతల వల్ల జరిగింది.

సీసా ముందువైపు పెద్ద అక్షరాల్లో ‘పక్షి రెట్టల నుంచి 12 నెలల పూర్తి రక్షణ’ అని ఉంది. వెనక్కి తిప్పితే ‘రెట్ట పడితే కంగారు వద్దు, ఆరనిచ్చి పొడి గుడ్డతో తుడిచేయండి’ అని ఉంది. వారంటీ కాగితం చివరి పేరాలో ‘రెట్టను వెంటనే తొలగించని పక్షంలో వారంటీ వర్తించదు’ అని ఉంది. ఆరనివ్వమన్నదీ మీరే, ఆరనిచ్చారు కాబట్టి వారంటీ లేదంటున్నదీ మీరే. మీ మాట విన్న మనిషికి ఏ దారీ మిగల్లేదు.

‘ఆరనిచ్చి’ అనే ఒక్క మాట ఎందుకంత ప్రమాదమో ముందు చెప్పాలి. రెట్టలో తెల్లగా కనిపించేది యూరిక్ ఆమ్లం ముద్ద. అది నీళ్లలో అంత తేలిగ్గా కరిగేది కాదు. ముదురు రంగు భాగంలో అరగని గింజ తొక్కలు, జీర్ణరసాల ఎంజైములు ఉంటాయి. ఇవి క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శక పొర) పైభాగాన్ని రసాయనికంగా తినడం ఒక ఎత్తు. వేడి చేసే పని ఇంకో ఎత్తు. ముదురు రంగు బానెట్ మండే ఎండలో 70 డిగ్రీల సెల్సియస్ దాటగలదు. ఆ వేడికి క్లియర్ కోట్ కొద్దిగా మెత్తబడి సాగుతుంది. అదే వేడికి పైనున్న రెట్ట ఎండి, గట్టిపడి, ముడుచుకుంటుంది. బండి చల్లబడేటప్పుడు క్లియర్ కోట్ మళ్ళీ బిగుసుకుంటూ ఆ గరుకు అచ్చును తన మీద నిలుపుకుంటుంది. రెట్ట మొత్తం పోయాక కూడా దాని ఆకారంలోనే మెరుపు పోయిన మచ్చ మిగలడానికి ఇదే కారణం. కాబట్టి అసలు లెక్క రెట్ట ఎన్ని రోజులు ఉందని కాదు, ఎంత వేడిలో ఉందని. రాత్రంతా చల్లటి నీడలో ఉన్నదాని కంటే మధ్యాహ్నం ఎండలో కొన్ని గంటలున్నదే లోతుగా దిగుతుంది.

ఇక ‘పూర్తి రక్షణ’ సంగతి. ఫ్యాక్టరీ రంగు మీద క్లియర్ కోట్ మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). స్ప్రేతో వచ్చే పొర ఒక మైక్రాన్ కూడా ఉండదు. కింద పొర మెత్తబడి సాగుతుంటే పైన అంత పల్చటి పొర దాన్ని పట్టి ఆపలేదు, దానితోపాటే వంగుతుంది. మీ స్ప్రేకి విలువ లేదని మేం అనడం లేదు. పొర ఉన్న చోట రెట్ట గట్టిగా పట్టుకోదు, నానబెడితే త్వరగా వదులుతుంది, రసాయనాలు క్లియర్ కోట్‌ను చేరడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది. అంటే మీ పొర బండి యజమానికి ఇచ్చేది కొంత గడువు. ‘కంగారు వద్దు, ఆరనివ్వండి’ అన్న వాక్యం ఆ గడువును ఆయన చేతుల్లోంచి లాగేసుకుంటోంది. మందంగా అడ్డుపడేది కావాలంటే పీపీఎఫ్ (రంగు మీద అంటించే పారదర్శక ప్లాస్టిక్ పొర) ఉంది. అది 150 నుంచి 200 మైక్రాన్ల ఫిల్మ్. అయినా దాని మీద రెట్ట నిల్వ ఉంటే ఆ ఫిల్మ్‌కే మచ్చ పడుతుంది.

సీసా మీద ‘9హెచ్ గట్టిదనం’ అనీ అచ్చేశారు. 9హెచ్ అన్నది పెన్సిల్ గీత పరీక్షలో వచ్చే కొలత. రెట్టను, వేడిని తట్టుకోవడానికి దానితో సంబంధం లేదు. నీళ్లు ముత్యాల్లా జారిపోతున్న ఫోటో సంగతీ అంతే. నీళ్లు జారడం వేరు, రసాయనాన్ని ఓర్చుకోవడం వేరు. రెట్ట ప్రభావాన్ని పరీక్షించడానికి ల్యాబుల్లో ప్యాంక్రియాటిన్ అనే ఎంజైముల మిశ్రమాన్ని రంగు మీద వేసి, వేడిలో ఉంచి చూసే పద్ధతి ఉంది. మీరు అలాంటి పరీక్ష ఏదైనా చేయించి ఉంటే ఎన్ని డిగ్రీల దగ్గర, ఎన్ని గంటలు చేశారో ఆ అంకెలు సీసా మీద వేయండి.

‘పొడి గుడ్డ’ దగ్గర జరిగేది ఇంకా ఘోరం. గింజలు తినే పక్షులు వాటిని కందనకాయలో నూరుకోవడానికి ఇసుక రేణువులు, చిన్న రాళ్లు మింగుతాయి. వాటిలో కొన్ని రెట్టతో బయటికొస్తాయి. ఎండిన రెట్టను పొడి గుడ్డతో లాగడమంటే ఆ ఇసుకతో రంగును రుద్దడమే. ఎల్ఈడీ టార్చ్‌ని బానెట్‌కి ఏటవాలుగా పట్టి చూడండి. మధ్యలో మెరుపు చచ్చిన మచ్చ, దాని అంచు కాస్త లేచినట్టు ఉంటుంది. ఆ మచ్చ నుంచి గుడ్డ లాగిన వైపుకే తోకల్లా సన్నటి గీతలు సాగి ఉంటాయి. మచ్చ రెట్టది, ఆ తోకలు మీ సూచనవి. ఈ రెండూ విడివిడిగా కనిపిస్తాయి కాబట్టే నింద మొత్తం పక్షి మీద వేయడానికి మేం ఒప్పుకోవడం లేదు.

ఆ వాక్యం తీసేసి దాని చోట ఏం రాయాలో కూడా చెబుతాం. బండిని ముందు నీడలోకి తేవాలి, బానెట్ వేడి కొంత తగ్గనివ్వాలి. మైక్రోఫైబర్ గుడ్డ గానీ మెత్తటి టిష్యూ మడతలు గానీ కారు షాంపూ కలిపిన గోరువెచ్చటి నీళ్లలో ముంచి, పిండకుండా రెట్ట మీద పరచాలి. షాంపూ పీహెచ్ 7కి దగ్గరగా ఉన్నదే, అంటే ఆమ్లమూ క్షారమూ కానిదే వాడాలి. గిన్నెలు తోమే సబ్బు వద్దు, అది వ్యాక్స్‌ను లాగేస్తుంది. 5 నుంచి 10 నిమిషాలు అలాగే వదిలి, మధ్యలో ఆరుతుంటే మళ్ళీ తడపాలి. తర్వాత గుడ్డతో రెట్టను చిటికె పట్టినట్టు పైకి ఎత్తి తీయాలి, పక్కకు లాగకూడదు. ఇంకా మిగిలితే కొత్త తడి గుడ్డతో మళ్ళీ నానబెట్టాలే తప్ప గోరు పెట్టకూడదు, వంట సోడా పొడితో రుద్దకూడదు. చివర్లో నీళ్లు ధారగా పోసి, వేరే శుభ్రమైన మైక్రోఫైబర్‌ను అద్ది తడి తీయాలి. ఇందుకు కారులో అర లీటరు స్ప్రే బాటిల్, రెండు మూడు గుడ్డలు ఉంటే చాలు. మీ ప్యాకెట్‌లో ఆ గుడ్డలు పెట్టి అమ్మితే ‘రక్షణ’ అన్న మాటకు కొంత అర్థం ఉంటుంది.

కరపత్రంలో మరో తప్పు ఉంది. ‘కొత్తగా పెయింట్ చేసిన భాగాలపై అదే రోజు వాడవచ్చు’ అని రాశారు. పెయింటింగ్ షాపులో వేసిన రంగులోంచి సాల్వెంట్ (రంగును పల్చగా ఉంచే ద్రావకం) పూర్తిగా బయటికి పోవడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. పైన పొర వేసి మూసేయడానికి ముందు పెయింట్ తయారీదారు చెప్పిన గడువు ఆగాలి. సాధారణంగా 30 రోజులంటారు. పైగా కొత్త రంగు ఇంకా మెత్తగా ఉంటుంది కాబట్టి రెట్ట అచ్చు దాని మీదే త్వరగా పడుతుంది. అలాంటి భాగం మీద ఎక్కువ జాగ్రత్త చెప్పాల్సింది పోయి తక్కువ చెప్పారు. స్ప్రే కొట్టే ముందు పాత వ్యాక్స్, జిడ్డు పోయేలా పలచన చేసిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలన్న మాట గానీ, వేడి రేకు మీద కొట్టకూడదన్న మాట గానీ కరపత్రంలో ఎక్కడా లేదు.

ఈ మచ్చల్ని తీయడం గుడ్డతో అయ్యే పని కాదు. పైపైన పడిన అచ్చు కొన్నిసార్లు వేడితో కొంత సర్దుకుంటుంది. మిగతావాటికి ముందు మందం మీటర్‌తో రంగు కొలిచి, ఫోమ్ ప్యాడ్, సన్నటి పాలిష్‌తో మొదలుపెట్టాలి. పోకపోతే కాంపౌండ్ (ఇంకాస్త గరుకు పాలిష్), ఇంకా లోతైతే 3000 నంబర్ నీటి కాగితం (నీళ్లతో రుద్దే చాలా సన్నటి గరుకు కాగితం). ప్రతి మెట్టులోనూ క్లియర్ కోట్ కొంత అరుగుతుంది. ఎండ నుంచి రంగును కాపాడే పదార్థాలు ఉండేది ఆ క్లియర్ కోట్‌లోనే. అరిగిన మైక్రాన్‌ని ఏ స్ప్రే తిరిగి తేలేదు. మచ్చ క్లియర్ కోట్ దాటి కింది రంగుకు చేరితే ఆ భాగానికి మళ్ళీ పెయింట్ వేయడమే మిగిలిన దారి.

కాబట్టి మీరు చేయాల్సినవి ఇవి. ‘ఆరనిచ్చి పొడి గుడ్డతో’ అన్న వాక్యాన్ని, కొత్త పెయింట్ గురించిన వాక్యాన్ని వెంటనే తొలగించండి. దుకాణాల్లో ఇప్పటికే ఉన్న సీసాల మీద సరైన పద్ధతితో స్టిక్కర్ అంటించండి. ‘పూర్తి రక్షణ’ బదులు స్ప్రే నిజంగా ఏం చేస్తుందో రాయండి. వారంటీలో ‘వెంటనే’ అంటే ఎన్ని గంటలో అంకెతో చెప్పండి. మీ పాత సూచన పాటించినవారికి ఆ కారణంతో వారంటీ నిరాకరించకుండా, పాలిషింగ్ ఖర్చు, అవసరమైతే ఆ భాగం పెయింటింగ్ ఖర్చు చెల్లించండి. టార్చ్ వెలుగులో తీసిన ఫోటోలు, మందం కొలతలు, మీ సీసా, కరపత్రాల నకళ్లు ఈ లేఖతో జత చేశాం. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే ఇవే పత్రాలతో వినియోగదారుల కమిషన్‌కి వెళతాం.

భవదీయులు,
కార్ పాలిషింగ్, కోటింగ్ పనివారు