అడగడం అయింది, ఎత్తడం ఎప్పుడు?

సంపాదకుడు గారికి,

గత వారం మీ జిల్లా పేజీలో 'కౌన్సిల్‌లో చెత్త రగడ' అని ఒక వార్త వేశారు. రాద్దామా, వద్దా అని ఇన్ని రోజులూ ఊరుకున్నాను. అంత రగడ జరిగాక కూడా మా వీధి మలుపులో చెత్త ఎక్కడిదక్కడే ఉండటం చూశాక ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

సంగతి మీ పాఠకులకు తెలిసిందే కాబట్టి మళ్లీ మొదటినుంచీ చెప్పను. మున్సిపల్ సమావేశంలో కౌన్సిలర్లు లేచి చెత్త ఎత్తడం లేదన్నారు, కాల్వల్లో పూడిక తీయడం లేదన్నారు, వీధి దీపాలు వెలగడం లేదన్నారు. కొందరు పోడియం దాకా వెళ్లారు. ఒకాయన చెత్త నింపిన కవరు పట్టుకొచ్చి ఊపారు. మీరు ఆ ఫొటో మూడు కాలమ్‌ల వెడల్పున వేశారు. బాగానే ఉంది. జవాబు సంగతి మాత్రం ఆఖరి లైనులో, 'సమస్యలు పరిష్కరిస్తామని అధికారులు హామీ ఇచ్చారు' అని తేల్చేశారు. ఎప్పటిలోగా పరిష్కరిస్తారు? ఏ అధికారి పరిష్కరిస్తాడు? ముందు ఏ వార్డులో? అడిగినవాళ్లు ఆ మాట రాబట్టలేదు, రాసినవాళ్లకూ అది అక్కర్లేకపోయింది. కవరు తెచ్చినాయన దాన్ని సమావేశం అయ్యాక ఎక్కడ పారేశారో కూడా మీ విలేకరి రాయలేదు!

కౌన్సిలర్లు అడగడం తప్పని నేను అనడం లేదు. అసలు నోరు విప్పనివాళ్ల కంటే వీళ్లు నయం. కాకపోతే ఎప్పుడో గెలిచిన సభ్యులకు వార్డులో చెత్త ఇప్పుడు, పదవీకాలం అయిపోవస్తుండగా, ఇంత స్పష్టంగా ఎలా కనిపిస్తోందో అర్థం కావడం లేదు. మధ్యలో ఇన్ని సమావేశాలు జరిగాయి. వాటిలోనూ ఇవే ప్రశ్నలు వచ్చాయి, మీ పాత పేపర్లు తిరగేస్తే మీకే తెలుస్తుంది. ప్రతిసారీ అదే చెత్త, అదే హామీ, చివర్లో ఎజెండా ఏకగ్రీవ ఆమోదం. అంత గొడవలోనూ బిల్లుల అంశాలు మాత్రం ఎక్కడా ఆగవు.

జరుగుతున్నది నాకు తెలిసినంతలో ఇది. సభ్యుడు నోటిమాటగా అడుగుతాడు, అధికారి నోటిమాటగా సరే అంటాడు. ఎజెండాలో ఉన్న అంశమైతే తీర్మానం అవుతుంది, మినిట్స్ పుస్తకంలోకి ఎక్కుతుంది, దాని వెనక ఫైలు నడుస్తుంది. ఎజెండాలో లేని ప్రశ్నకు ఆ యోగం లేదు. భోజనాల వేళకు అది గాల్లో కలిసిపోతుంది. తర్వాతి సమావేశంలో 'కిందటిసారి నేనడిగింది ఏమైంది?' అని అడిగే సభ్యుడు ఒక్కడైనా ఉంటే మున్సిపాలిటీలో సగం మందికి టెన్షన్ పట్టుకునేది. ఆ టెన్షన్ ఎవరికీ రానివ్వకుండా మన సభ్యులు చాలా జాగ్రత్తగా చూసుకుంటున్నారు.

వీళ్లకు అధికారం లేదా అంటే కాగితం మీద కావలసినంత ఉంది. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణతో 12వ షెడ్యూలు వచ్చింది. పురపాలక సంఘాలకు అప్పగించదగ్గ 18 అంశాలు అందులో ఉన్నాయి. ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, ఘన వ్యర్థాల నిర్వహణ అందులోవే. నీటి సరఫరా, వీధి దీపాలు కూడా అందులోవే. డబ్బుల సంగతికొస్తే, 15వ ఆర్థిక సంఘం మన లాంటి పట్టణాలకు 2021-26 కాలానికి ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికీ, పారిశుద్ధ్యానికే వాడాలని షరతు పెట్టింది. ఆ పద్దు కింద ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అని ఆ రోజు ఒక్కరైనా అడిగారా? అడిగి ఉంటే మీ వార్తలో కనపడేది. కవరు ఊపడం కంటే ఆ లెక్క అడగడం కష్టం. కూర్చుని చదవాలి కదా!

ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు అందరూ చదవగలిగేవే. ఇంటింటికీ వెళ్లి చెత్త సేకరించడం స్థానిక సంస్థ బాధ్యత అని, మురికివాడలకూ అది వర్తిస్తుందని వాటిలో ఉంది. కార్మికులకు యూనిఫాం, గ్లౌజులు, రెయిన్‌కోట్లు, చెప్పులు, మాస్కులు ఇచ్చేలా చూడాలని ఉంది. మా వీధికి వచ్చే ఆమె ఎడమ చేతికి క్యారీబ్యాగు చుట్టుకుని కాల్వలోంచి ప్లాస్టిక్ లాగుతుంది. కుడి చేతికి అదీ లేదు, చీపురు జారిపోతుందట. గ్లౌజులు ఇవ్వలేదా అంటే నవ్వి ఊరుకుంది. 2023 డిసెంబరు ఆఖరులో రాష్ట్రమంతా మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగినప్పుడు నాలుగు రోజులకే ఊళ్లు ముక్కు మూసుకున్నాయి. సమ్మె అయిపోయింది, మనమూ మరిచిపోయాం. కౌన్సిల్‌లో చెత్త గురించి మాట్లాడేవాళ్లు చెత్త ఎత్తే మనుషులు ఎంతమంది ఉన్నారు, వారిలో ఎంతమంది నిజంగా వీధుల్లో పనిచేస్తున్నారు, ఎంతమంది బంగళాల్లో తోటపని చేస్తున్నారు అని కూడా అడగాలి. అడగరు. ఎందుకు అడగరో మీకూ తెలుసు.

తడి చెత్త, పొడి చెత్త గోల వేరే ఉంది. 2021 అక్టోబరు 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ (క్లాప్) పేరుతో ఆటోలు వచ్చాయి, ఇంటికి మూడు రంగుల బుట్టలు ఇచ్చారు, వెనకే చెత్త పన్నూ వచ్చింది. ఇప్పుడు ఆ బుట్టల్లో చాలా ఇళ్లలో బొగ్గులో, బట్టల క్లిప్పులో ఉన్నాయి, కొన్నిట్లో తులసి మొక్కలు పెరుగుతున్నాయి. జనాన్ని మాత్రం ఏమనగలం? ఇంట్లో వేరు చేసి ఇచ్చిన చెత్తను కళ్ల ముందే ఒకే ఆటోలో కలిపి కుమ్మరిస్తుంటే ఎవరికి ఓపిక ఉంటుంది? 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చెత్త పన్ను రద్దు ప్రకటించారు. మంచిదే, నేనూ సంతోషించాను. పన్ను పోయింది, చెత్త ఉంది. పన్ను లేదు కాబట్టి అడిగే హక్కు కూడా లేదని మున్సిపాలిటీవాళ్లు అనుకుంటున్నట్టుంది. ఇంటి పన్ను మాటేమిటి? అది ఒక్క అర్ధ సంవత్సరం ఆలస్యమైతే వడ్డీ వేసి మరీ వసూలు చేస్తారే!

అదే సభలో రాష్ట్రంలో పేరుకున్న 85 లక్షల టన్నుల పాత చెత్తను ఏడాదిలో తొలగించాలని కూడా చెప్పారు. పాత గుట్టలు తవ్వి జల్లెడ పట్టడం మొదలైంది, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ తవ్విన గుట్ట పక్కనే కొత్త గుట్ట లేస్తుంటే లాభమేమిటి? గుంటూరు, విశాఖల్లో చెత్తతో కరెంటు తీసే ప్లాంట్లు ఉన్నాయి. తడీ పొడీ కలిపేసిన చెత్త అక్కడికి పంపినా సరిగ్గా మండదు. మూలం దగ్గర వేరు చేయనిదే ఎన్ని యంత్రాలు తెచ్చినా ఇంతే. ఇరవై ఏళ్ల కిందటే సూర్యాపేట మున్సిపాలిటీ చెత్త వేరు చేయించి దేశమంతా పేరు తెచ్చుకుంది. అప్పుడు సెల్‌ఫోన్లో ఫిర్యాదు చేసే యాప్‌లు లేవు, ఇన్ని పథకాలూ లేవు.

మన దగ్గర మాత్రం సాయంత్రమైతే డంపింగ్ యార్డు నుంచి పొగ. ఎవరో ఆకతాయిలు నిప్పు పెడుతున్నారని ప్రతిసారీ ఒకటే సమాధానం. బహిరంగంగా చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున తగలబెడితే 25,000 రూపాయలు కట్టించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. ఆకులు పోగేసి అగ్గిపుల్ల గీసిన ముసలమ్మను బెదిరించడానికి ఈ మాట పనికొస్తోంది. మున్సిపాలిటీ సొంత యార్డులో లేచే పొగకు జరిమానా ఎవరు ఎవరికి వేయాలి?

కాల్వల సంగతి ఇంకా విచిత్రం. పూడిక తీస్తారు, తీసింది కాల్వ గట్టునే పోస్తారు. ఆరాక తీసుకెళ్తామంటారు. ఆరేలోపు వాన వస్తుంది, లేదా బండి చక్రం తొక్కుతుంది, మొత్తం మళ్లీ కాల్వలోకే. అయినా పని పూర్తయినట్టు ఫొటో అప్‌లోడ్ అయిపోతుంది. నెలనెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం నాడు మాత్రం కొత్త చీపుళ్లు వస్తాయి, నాయకులూ వస్తారు. అప్పటికే ఊడ్చి ఉంచిన రోడ్డును మళ్లీ ఊడుస్తారు. ఆ శ్రద్ధ మిగతా రోజుల్లో పారిశుద్ధ్య మేస్త్రి మీద చూపిస్తే ఊరు బాగుపడేది.

ఇంకో మాట చెప్పక తప్పదు, కొందరికి కోపం వచ్చినా సరే. కౌన్సిల్లో సగం సీట్లు మహిళలవి. ఆ రోజు సూటిగా మాట్లాడినవాళ్లలో మహిళా సభ్యులే ఎక్కువని మీ వార్తే చెబుతోంది. కానీ వార్డులో ఎవరికైనా కష్టం వచ్చి ఫోను చేస్తే ఎత్తేది భర్త, ఆఫీసులో కుర్చీ వేయించుకుని కూర్చునేది భర్త. అధికారులు కూడా ఆయనకే జవాబు చెబుతారు. సభలో ప్రశ్న ఒకరిది, బయట బేరం మరొకరిది అయితే ఆ ప్రశ్నకు బలం ఎక్కడిది? ఆ మహిళలను నేరుగా పని చేయనిస్తే మున్సిపాలిటీ ఈపాటికి కొంచెం దారికి వచ్చేదని నా నమ్మకం.

అలాగే రోజుకు 100 కిలోలు దాటి చెత్త వచ్చే కల్యాణ మండపాలు, పెద్ద హోటళ్ల లాంటివి తమ తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే శుద్ధి చేసుకోవాలని నియమం. పెళ్లిళ్ల సీజన్లో తెల్లారేసరికి విస్తళ్ల గుట్టలు రోడ్డు పక్కన ఎవరు వదిలి వెళ్తున్నారో వార్డులో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నోటీసులు ఇచ్చారా? ఆ మండపాలు ఎవరివో చూస్తే ఎందుకు ఇవ్వలేదో తెలుస్తుంది.

కౌన్సిలర్లను నేను కోరేది పెద్దదేం కాదు. నోటిమాటగా కాకుండా ప్రశ్నను రాతపూర్వకంగా ఇవ్వండి. ప్రతి సమావేశంలోనూ మొదటి అంశంగా, కిందటిసారి అడిగిన ప్రశ్నల మీద ఏం చేశారో వార్డులవారీగా నివేదిక పెట్టమనండి. అది పెట్టేదాకా బిల్లుల అంశాలకు చెయ్యెత్తకండి. స్థానిక సంస్థ ఏటా ఇవ్వాల్సిన ఘన వ్యర్థాల నివేదిక కాపీ తీసుకుని మున్సిపల్ ఆఫీసు నోటీసు బోర్డు మీద, వార్డు సచివాలయాల్లో అంటించమనండి. దీనికి నిధులు అక్కర్లేదు, పైనుంచి అనుమతీ అక్కర్లేదు.

ఇక మీ పత్రికకు ఒక విన్నపం. ఈసారి సమావేశానికి మీ విలేకరిని పంపేటప్పుడు కిందటి వార్త కత్తిరించి చేతికిచ్చి పంపండి. ఒక పక్క అప్పటి ప్రశ్నలు, పక్కనే అధికారుల జవాబులు వేయండి. జవాబు రాకపోతే ఆ జాగా ఖాళీగానే అచ్చేయండి, అక్కడ ప్రకటన మాత్రం వేయకండి.

ఇట్లు,
ఇంటి పన్ను సకాలంలో కడుతున్న ఒక పాఠకుడు