కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, కర్నూలు: ఈ ఏడాది వరద మ్యాపు పని

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో ముందు వీధి దీపాలు, తర్వాత వినాయక చవితి, చివర్లో చందా బాకీలు వస్తాయి. ఈసారి వరుస మార్చాం. కమిటీ సమయమంతా మ్యాపు పనికే పోయింది కాబట్టి దాంతోనే మొదలుపెడుతున్నాం.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చినప్పుడు మన కాలనీలో ఏ వీధిలో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో మ్యాపు మీద పెట్టాలని కిందటి సర్వసభ్య సమావేశం తీర్మానించింది. అప్పుడు శ్రీశైలానికి గరిష్ఠంగా 25 లక్షల క్యూసెక్కుల దాకా వరద వచ్చింది. 885 అడుగుల పూర్తి మట్టం దాటి జలాశయం 896 అడుగులకు చేరింది. ఇదంతా పాతకాపులకు కంఠతా వచ్చు. తర్వాత ఇళ్లు కట్టుకున్నవాళ్లకు, అద్దెకొచ్చినవాళ్లకు తెలియదు. ఏటా ఆగస్టులో ఎగువన తుంగభద్ర మీదున్న సుంకేసుల బ్యారేజీ గేట్లు ఎత్తారని టీవీలో వస్తే చాలు, వాట్సాప్ గ్రూపులో ఒకటే టెన్షన్.

ఇంజనీరింగ్ చదివే మన పిల్లలు ముందు ఉచితంగా దొరికే ఉపగ్రహ ఎత్తుల డేటా దించుకుని, క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూశారు. 2000 ఫిబ్రవరిలో అమెరికా స్పేస్ షటిల్ పదకొండు రోజులు తిరుగుతూ రాడార్‌తో కొలిచిన ఎత్తులవి. మన కార్టోశాట్ ఉపగ్రహం ఇచ్చిన ఎత్తుల డేటా కూడా ఇస్రో వాళ్ల మ్యాపు వెబ్‌సైటు భువన్‌లో దొరుకుతుంది. రెండింటిలోనూ ఒక్కో గడి ముప్ఫై మీటర్లు. అంటే రెండు మూడు ఇళ్లు, మధ్యలో రోడ్డు, పక్కన మురిక్కాలువ, అన్నిటికీ కలిపి ఒకటే ఎత్తు. పైగా ఇళ్లు కిక్కిరిసిన చోట రాడార్‌కు నేలకన్నా మిద్దెలే ముందు తగులుతాయి. ఆ లెక్కన మన కాలనీలో అన్నిటికన్నా పల్లంలో ఉన్న సందు ఎత్తైన చోటుగా తేలింది. ఆ సందులో ఉండే పెద్దాయన మ్యాపు చూసి నవ్విన నవ్వు కమిటీ సభ్యులకు ఇంకా గుర్తుంది.

దాంతో మేస్త్రీలు లెవల్ చూసుకునే నీళ్ల పైపు పట్టుకున్నాం. కల్వర్టు గోడ పైభాగాన్ని సున్నా అనుకుని, అక్కడి నుంచి ఇంటింటికీ లెవల్ మోసుకుపోవడమే పని. పైపులో గాలి బుడగ ఉంటే లెక్క మొత్తం తప్పుతుంది. అందుకని ఒకరు పైపును తడుతూ బుడగ తోలుతుంటే, ఇంకొకరు కొసన బొటనవేలు అదిమిపట్టి నిలబడాలి. అసలు కష్టం వరద గీతలు దొరకడం. చాలా ఇళ్లకు సున్నాలు, పెయింట్లు పడిపోయాయి. మూడో వీధిలో ఒకమ్మ బీరువా జరిపించి చూపించింది. ఇన్నేళ్లలో ఆ బీరువా వెనక రంగు వెయ్యలేదు. గోడ మీద భుజం ఎత్తున బురద చార అలాగే ఉంది. అది దొరికాక చుట్టుపక్కల ఇళ్లవాళ్లు చెప్పిన ఎత్తులను దానితో సరిచూసుకోగలిగాం. కొందరు నడుముదాకా అన్నారు, కొందరు మెడదాకా అన్నారు. చార మాత్రం ఒకటే మాట చెప్పింది.

సర్వే శాఖలో చేసి రిటైరైన మన సభ్యుడొకరు సంక్రాంతి ముందు ఒక సాయంత్రం జీఐఎస్ గురించి, అంటే మ్యాపులను కంప్యూటర్లో పెట్టి లెక్కలు తీసే పద్ధతి గురించి మాట్లాడారు. ఇదంతా ఎవరి పుణ్యమా అని పుట్టిందని పిల్లలు అడిగితే, పుణ్యం కాదు నాయనా, ఖర్చు అన్నారు. 1960లో కెనడాలో రోజర్ టామ్లిన్‌సన్ పనిచేసే కంపెనీకి తూర్పు ఆఫ్రికాలో అడవి నాటడానికి చోటు వెతికే పని వచ్చింది. మ్యాపులన్నీ చేత్తో పోల్చి కొలిస్తే ఖర్చు తడిసి మోపెడవుతుందని ఆ పని ఆగిపోయింది. అప్పుడే ఆయనకు కంప్యూటర్ మీదికి మనసు పోయింది. తర్వాత కెనడా ప్రభుత్వం దేశంలో ఏ భూమి దేనికి పనికొస్తుందో లెక్క తీయాలనుకుంటే, ఆ పద్ధతికి చోటు దొరికింది. మ్యాపు గీతలన్నీ చేత్తో ఎక్కించుకుంటూ కూర్చుంటే తెమలదని, మ్యాపును చదివే పెద్ద స్కానర్‌ను ఐబీఎం ప్రత్యేకంగా తయారుచేసింది.

మన సర్వే సభ్యుడు చెప్పిన రెండో సంగతి నాకు ఇంకా నచ్చింది. కొత్త యంత్రం వచ్చినప్పటికన్నా, ఉన్న డేటాకు తాళం తీసినప్పుడే ఈ రంగం ఎక్కువ ముందుకు దూకిందన్నారు. లాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972 నుంచి ఫొటోలు తీస్తూనే ఉన్నాయి. 2008 ముందు ఒక్కో ఫొటోకు వందల డాలర్లు పెట్టాలి. ఫ్రీ చేశాక, ఒక్క ఫొటో కొనడానికి వెనకాడినవాళ్లు ముప్ఫై ఏళ్ల ఫొటోలు వరసగా పేర్చి చెరువులు ఎక్కడ పూడాయో, అడవి ఎక్కడ తగ్గిందో చూడటం మొదలుపెట్టారు. జీపీఎస్‌కు కావాలని కలిపిన తప్పును అమెరికా 2000 మే నెలలో తీసేసింది. వంద మీటర్ల దాకా ఉండే తేడా పది ఇరవైకి దిగింది. బ్రిటన్‌లో సర్కారు మ్యాపు డేటా కొనలేక విసిగిపోయినవాళ్లు 2004లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే, ఎవరైనా గీయగల ఉచిత మ్యాపు మొదలుపెట్టారు. 2010లో హైతీ భూకంపం వచ్చినప్పుడు ఎక్కడెక్కడో కూర్చున్నవాళ్లు అందులోనే అక్కడి వీధులు గీసిచ్చారు. మన దేశంలో 2021 ఫిబ్రవరి మార్గదర్శకాలతో, భారతీయులు మ్యాపులు తయారుచేసుకోవడానికి ముందస్తు అనుమతుల బెడద చాలావరకు పోయింది. అంతకుముందైతే మా కమిటీ ఈ పనికి ధైర్యం చేసేది కాదు.

తాళం తీయకపోతే ఎట్లా ఉంటుందో కూడా ఈ ఏడాదే చూశాం. మన మురిక్కాలువల ప్లాను కావాలని ఒక కార్యాలయంలో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాం. నెలలు తిప్పి, జిరాక్సుకు జిరాక్సు తీసిన కాగితం ఒకటి ఇచ్చారు. సగం గీతలు మాసిపోయాయి. అదే ప్లాను కంప్యూటర్లో గీసి ఉందని అక్కడి ఆపరేటరే చెప్పాడు, ఆ ఫైలు మాత్రం ఇవ్వలేదు. చివరికి కల్వర్టు, నీళ్ల ట్యాంకు, మసీదు మూల లాంటి గుర్తులు ఆనవాలుగా పెట్టుకుని పిల్లలు ఆ జిరాక్సును మ్యాపు మీద కూర్చోబెట్టారు. కనపడని కాలువలను బండలు ఎత్తి చూసుకున్నాం. ఒక కాలువ ప్లానులో హంద్రీ వైపు పోతుంటే, నేల మీద ఎదురు దిక్కు వాలి ఉంది. దాని ఫొటోలతో అర్జీ ఇచ్చాం. జవాబు రాలేదు.

మ్యాపు తయారయ్యాక గొడవ మొదలైంది. ఇది బయటికి పోతే ప్లాట్లు ఎవరు కొంటారని జనవరి సమావేశంలో కొందరు సభ్యులు గట్టిగానే అడిగారు. "కొన్నోనికి నీళ్లొచ్చిన రోజు తెలుస్తుంది లేన్నా, అప్పుడు మనల్ని ఏమనుకుంటాడు?" అని బీరువా ఇంటామె లేచి అడిగేసరికి కాసేపు ఎవరూ మాట్లాడలేదు. రేట్ల భయం ఉత్తదని నేను అనను, ఇల్లు అమ్మి కూతురి పెళ్లి చేయాలనుకున్నవాళ్లకు అది నిజమైన భయమే. ఓటింగు పెడితే మధ్యేమార్గం గెలిచింది. వీధులవారీ నీటి ఎత్తులతో మ్యాపు ప్రతి సభ్యుడికీ, అద్దెకున్నవాళ్లకూ ఇస్తాం. ఇంటి నంబర్లు వెయ్యం. కాలువలు, కల్వర్టులు, వరదొస్తే ఎక్కదగ్గ మిద్దెలకు దారులు మాత్రం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అందరికీ కనపడేలా ఎక్కించాం. మొత్తం బయట పెట్టాలనే నా ఓటు. తీర్మానం తీర్మానమే.

డ్రోన్ కొందామన్న ప్రతిపాదనను కమిటీ పక్కన పెట్టింది. డ్రోన్ ఫొటో ముచ్చటగానే ఉంటుంది. మనకు తక్కువైంది ఫొటో కాదు, కాలువల ఫైలు.

మిగతా పనులు క్లుప్తంగా: వినాయక నిమజ్జనం ఏ ఇబ్బందీ లేకుండా జరిగింది. కంటి పరీక్షల శిబిరానికి అనుకున్నదానికన్నా జనం వచ్చారు. పార్కు గేటు రిపేరు వచ్చే ఏడాదికి పోయింది. జమాఖర్చుల పట్టిక ఈ నివేదికకు జతచేశాం. మ్యాపు ఖర్చంతా పైపు, ప్రింట్లు, టీలే.

వచ్చే ఏడాది వానల ముందు కింది రెండు వీధుల లెవల్ పూర్తి చేయాలి. 2009 ఫొటోలు ఎవరి దగ్గరున్నా, అందులో గోడో గేటో కనపడితే చాలు, ఆదివారం పొద్దున సంఘం గదికి తీసుకురండి. కాపీ తీసుకుని వెంటనే తిరిగి ఇచ్చేస్తాం. పైపు పట్టడానికి పొడుగ్గా ఉన్న ఇద్దరు కుర్రాళ్లు కావాలి.

ఇట్లు,
కార్యదర్శి