వెబ్ ఆప్షన్లకు ముందే సీటు ఖరీదు చూపండి

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి, నమస్కారం.

నీట్ ర్యాంకు వచ్చాక కన్వీనర్ కోటాలో (ప్రభుత్వం భర్తీ చేసే తక్కువ ఫీజు సీట్లలో) విశాఖలోని ప్రభుత్వ ఆంధ్ర మెడికల్ కాలేజీలాంటి చోట సీటొచ్చినవాళ్లకు ఈ లేఖతో పని లేదు. ఆ సీటు కొద్దిలో తప్పి, ప్రైవేటు కాలేజీ బీ కేటగిరీ (ఎక్కువ ఫీజుండే మేనేజ్‌మెంట్ కోటా) వైపు చూసే విశాఖ కుటుంబాల కోసం రాస్తున్నాం. విద్యా రుణాల కాగితాలు చూసిపెట్టడం మా పని.

ఎంబీబీఎస్ ఫీజు ఏడాదికి 12 లక్షలనుకుందాం. నాలుగున్నరేళ్లకు 54 లక్షలు. బ్యాంకు ఏటా ఒక విడత చొప్పున 10 శాతం వడ్డీకి ఇచ్చి, ఏడాది ఇంటర్న్‌షిప్ తర్వాత ఇంకో ఏడాది ఆగితే, ఆరున్నరేళ్లకు బారువడ్డీ 25.5 లక్షలవుతుంది. మొత్తం 79.5 లక్షలు. 15 ఏళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 85 వేలు. హాస్టలు, మెస్సు ఇందులో లేవు. వాయిదాలు మొదలయ్యేదాకా వడ్డీ ఎప్పటికప్పుడు కట్టేస్తే (మొదటి ఏడు నెలకు 10 వేలు, రెండో ఏడు 20 వేలు, అలా పెరుగుతూ) అసలు 54 లక్షల దగ్గరే ఆగి, వాయిదా 58 వేలకు దిగుతుంది. ఈ ఒక్క ముక్క చాలామందికి, కాలేజీలో చేరే తేదీ దాటాకే తెలుస్తోంది.

‘డాక్టరయ్యాక తీర్చేస్తాడులే’ అనే మాట దగ్గరే లెక్క తప్పుతుంది. పీజీ మూడేళ్లూ చేతికొచ్చేది స్టైపెండే, వాయిదాలు మొదలయ్యేదీ సరిగ్గా అప్పుడే. రేడియాలజీ రాబడీ అనాటమీ రాబడీ ఒకటి కావు. పైగా ఏ బ్రాంచి దక్కుతుందో ఇంటర్ పిల్లవాడికి ముందే ఎవరూ చెప్పలేరు.

తనఖా సంగతి ఇంకో తలనొప్పి. రుణం 7.5 లక్షలు దాటితే సాధారణంగా ఆస్తి హామీ అడుగుతారు. ఈసీ (ఆస్తిపై అప్పులేవీ లేవని చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ అయ్యేసరికి వారాలు పడుతుంది. కాలేజీలో చేరడానికి ఇచ్చేది కొద్ది రోజులే. ఆ సందులో రెండు రూపాయల వడ్డీకి 12 లక్షలు తెస్తే నెలకు 24 వేలు. భీమిలి వైపు స్థలం ఉన్నా, లింకు డాక్యుమెంటు ఒక్కటి దొరక్కపోతే బ్యాంకు కదలదు.

అయ్యా, విద్యార్థులు కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్ల పేజీలో ప్రతి కాలేజీ కోడ్ పక్కన మొత్తం ఫీజు, హాస్టలు ఖర్చు, ఇంటర్న్‌కు నిజంగా చేతికందే స్టైపెండ్ చూపించండి. ఫీజు, స్టైపెండ్ వివరాలు వెబ్‌సైట్లో పెట్టాలని జాతీయ వైద్య కమిషన్ 2025లోనే కాలేజీలను ఆదేశించింది కాబట్టి ఇది కొత్త కోరికేమీ కాదు. స్టైపెండ్ బ్యాంకు ఖాతాకే జమ కావాలి. బ్యాంకు ప్రాథమిక అంగీకార పత్రం తెచ్చినవాళ్లకు ఫీజు కట్టడానికి మూడు వారాల గడువు ఇప్పించండి. సర్టిఫికెట్లు చూసే రోజుల్లో విశాఖలో ఒక బ్యాంకు అధికారిని కూర్చోబెడితే, పై లెక్క పది నిమిషాల్లో ఎవరి సంఖ్యలతో వాళ్లకు వేసి ఇవ్వొచ్చు.

ఇట్లు,
విశాఖపట్నంలో విద్యా రుణాల లెక్కలు చూసిపెట్టేవాళ్లం